పట్టు కొంగు లేచే గాలి

తూత్తుకుడి దగ్గర,
18 మే 2025, ఆదివారం.

అత్తకు, పద్దు రాసేది.

ఫోనులో మనిద్దరం ‘తిన్నావా’, ‘తిన్నా’ దాటి ముందుకు పోలేం. నీ చెవి పక్కన మామ మగ్గం, నా చెవి పక్కన సముద్రపు గాలి. అందుకే పెనుకొండ హాస్టల్లో ఇంటర్ చదివినప్పటిలాగే కాగితం తీశాను. అప్పుడు చెప్పులు తెగాయని రాసేదాన్ని. ఇప్పటి సంగతి కొంచెం పెద్దది. మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, కూర్చొని చదువు.

నేను గాలిపటం కొనాలనుకుంటున్నాను.

నవ్వితే నవ్వు గానీ పూర్తిగా విను. ఇది పిల్లలు ఎగరేసే కాగితం ముక్క కాదు. మీ వంటింటి మీద పరిస్తే కప్పు కనపడనంత గుడ్డ. దాని అంచు పొడుగునా గాలి నింపిన గొట్టం ఉంటుంది కాబట్టి నీళ్ళలో పడినా మునగదు. దాన్నుంచి నాలుగు పొడుగాటి దారాలు దిగి నా చేతిలోని కడ్డీకి, ఆ కడ్డీ నా నడుముకున్న పట్టీకి తగులుకుంటాయి. కాళ్ళ కింద ఒక బోర్డు. గాలి పటాన్ని లాగుతుంది, పటం నన్ను లాగుతుంది, నేను నీళ్ళ మీద పోతాను. కైట్‌సర్ఫింగ్ అంటారు.

కనగానపల్లి కొండల మీద ఉన్నప్పుడూ నా ఉద్యోగం గాలిమరలతోనే, ఇక్కడా వాటితోనే. ఇన్నేళ్ళూ గాలిని కంప్యూటరు తెర మీద అంకెలుగా చూశాను. ఆరు ఆదివారాల కింద మొదటిసారి అది నా నడుము పట్టుకొని లాగింది. ఆ వారమంతా ఆఫీసు కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

ప్రతి ఆదివారం సామాన్లు అద్దెకు తీసుకుంటే జీతం అక్కడికే పోతోంది. కొత్తవన్నీ కొనే స్తోమత లేదు. నేర్పించే అన్న ఒక మాట చెప్పాడు: ‘‘ప్రాణం కాపాడేవి కొత్తవి కొను, ఆడుకునేవి పాతవి కొను.’’ అంటే హెల్మెట్టు, తేలే జాకెట్టు, నడుం పట్టీ కొత్తవి. బోర్డు పాతదైనా పరవాలేదు, నేర్చుకునేవాళ్ళకు పెద్దది మంచిది. కైట్ కూడా పాతది చాలు, గుడ్డ బాగుంటే.

చిక్కంతా అక్కడే. గుడ్డ బాగుందో లేదో నాకేం తెలుసు? ఇక్కడ అందరూ ఏ సంవత్సరంలో కొన్నారని అడిగి ఊరుకుంటారు. నువ్వయితే ఏం చూస్తావో రాయి.

నీ పద్దు

•

ధర్మవరం,
29 మే.

పద్దూ,

నీ జాబు మూడుసార్లు చదివినా. మొదటిసారి నవ్వినా, రెండోసారి భయపడినా, మూడోసారి మీ మామకు చదివి వినిపించినా. ఆయప్ప మగ్గంలో నాడె ఆపకుండానే, ‘‘పెండ్లి చేసుకోమంటే గాలిపటం కొంటాదంటనా? మంచిదేలే, మొగునికన్నా అగ్గవకు వస్తాది. వద్దనుకుంటే మడిచి పెట్టొచ్చు’’ అన్నాడు. ఈశ్వరప్ప నోరు నీకు తెలీనిదా.

దారాలు చేతులు కోస్తాయేమో చూసుకో. నీకు ఈత వస్తాదా? రొద్దంలో మీ నాయన బాయిలో ఒకసారి తోసినాడు, దానిపేరు ఈత కాదు.

గుడ్డ సంగతి చెప్తా విను. పాతది కొనేటప్పుడు రంగు చూడొద్దు, రంగు మోసం చేస్తాది. ఎండకు ఎత్తి పట్టు. పోగుల సందున సూదిమొనలంత వెలుతురు కనపడితే అయిపోయిన గుడ్డ. రెండు చేతులా పట్టుకొని చెవికాడ నలుపు. జీవమున్న గుడ్డ గరగరమంటాది. సప్పుడు చేయకుండా చేతిలో ఒదిగిపోతే వద్దు. కుట్లకాడ వేలు పెట్టి లాగి చూడు. మడతలు చూడు. దినామూ ఒకే మడత మీద పెట్టింటే ఆ గీత మీదనే చినుగుతాది.

సముద్రం ఎట్లుంటాదో ఒకసారి రాయి. అవతలి గట్టు కనపడదంట కదా. అట్లయితే కండ్లు యాడ ఆనించుకుంటావే?

ఈసారి కాలవ నీళ్ళు ఇడిసినారు, మన చెరువుకు బాగా వచ్చినాయి. చక్కెర ఉండాది నడవమని డాక్టరు చెప్తే మాపటేల కట్ట మీద పోతాండా. నువ్వు డిగ్రీ చదివేటప్పుడు మనం పోయేది అదే దావ. ఇప్పుడు పక్కన మాట్లాడేవాళ్ళు లేక సగం దావ నుంచే బిర్న ఇంటికి వచ్చేస్తాండా.

మీ అత్త
కుళ్ళాయమ్మ

•

తూత్తుకుడి దగ్గర,
8 జూన్, ఆదివారం.

అత్తా,

నీ పరీక్షలో మొదటి కైట్ తప్పింది. ఎర్రగా, కొత్త పెళ్ళికూతురిలా ఉంది. ఎండకు ఎత్తి పట్టాను: చుక్కలు చుక్కలుగా వెలుతురు. చెవి దగ్గర నలిపాను: మూగది. అమ్మేవాడు, ‘‘ఏం చేస్తున్నారు మేడమ్?’’ అన్నాడు. మా అత్తను అడుగుతున్నానన్నాను.

సముద్రం ఎట్లుంటుందని అడిగావు. కళ్ళు ఆనించుకోవడానికి ఏమీ ఉండదు, నిజమే. మొదటి నెల నాకు తల తిరిగేది. ఇప్పుడు గాలిపటం వైపు చూస్తాను. సాయంత్రం గది తాళం తీసేటప్పుడు మాత్రం మగ్గం చప్పుడు వినపడుతుందేమోనని ఒక క్షణం ఆగుతాను. ఎందుకాగుతానో తెలియదు. రోజూ ఆగుతాను.

ఇప్పుడు అసలు సంగతి. కంపెనీవాళ్ళు ఒక కాగితం ఇచ్చారు. ఆగస్టు ఇరవై లోపల సంతకం పెడితే ఇక్కడే ఇంకో రెండేళ్ళు. పెట్టకపోతే సెప్టెంబరులో మళ్ళీ కనగానపల్లి కొండకు, అంటే మీ ఇంటికి. నాకు మీ ఇల్లు కావాలి. ఈ గాలి కూడా కావాలి.

నీ ఉత్తరంలో చెరువు మాట చూసి ఎగిరి గంతేశాను. చెరువు మీద కూడా కైట్ వేయొచ్చు! అయితే కైట్లలో సైజులుంటాయి. గాలి ఎక్కువ ఉన్నచోట చిన్నది, తక్కువ ఉన్నచోట పెద్దది. ఇక్కడి గాలికి, నా బరువుకి ఏడో నంబరు సరిపోతుంది. మన చెరువు గాలి ఎంతో నాకు తెలియదు, కొండ మీది అంకెలు కిందికి పనికిరావు. నా దగ్గరున్నది ఒక్కటి కొనే డబ్బే. చెరువు మీద కూడా ఇంతే గాలి ఉంటే ఏడో నంబరు కొని నిశ్చింతగా ఇంటికి వచ్చేస్తాను.

అందుకని నీకొక పని. పట్టా తీసుకునే రోజుకని నువ్వు నేసిచ్చిన వంకాయరంగు చీర నా పెట్టెలోనే ఉంది. మొన్న అది కట్టుకొని ఆఫీసులో గాలి కొలిచే మిషను పక్కన నిలబడ్డాను. సెక్యూరిటీ అన్న ఎవరిదో పెళ్ళనుకున్నాడు. కొంగు మడతలు విప్పి వదిలేస్తే, గంటకు పదిహేను కిలోమీటర్ల గాలికి వేలాడుతూనే ఉంటుంది. పాతికకు మోకాలి ఎత్తు లేస్తుంది. ముప్పై ఐదుకు నడుము ఎత్తు. నాకు కావలసింది ఆ నడుము ఎత్తు గాలి.

నువ్వు రోజూ సాయంత్రం కట్ట మీద కొంగు వదిలి చూడు. ఎంత ఎత్తు లేస్తే అంత రాసి పంపు. రెండు వారాలు చాలు.

నీ పద్దు

•

ధర్మవరం,
26 జూన్.

పద్దూ,

నువ్వు చెప్పిన పని చేసినా. క్యాలెండరు మీద రాసి పెట్టింది ఎత్తి రాస్తాండా.

సోమారం నడుముకాడికి. మంగళారం నడుము కన్నా పైకి. బుధవారం ఎగిరి మొగం మీద పడి, ఎదురుగా వచ్చే గొర్రెలు కనపడలా. శుక్రారం నడుము. శనివారం నడుము. మరుసటి వారం కూడా అంతే, ఒకదినం మాత్రం మోకాలు. ఆషాఢం వచ్చె కదా, ఇంగా లేస్తాది.

నేను కట్ట మీద నిలబడి కొంగు వదిలి ఊరికే దాన్నే చూస్తాంటే పక్కింటి ఎల్లమ్మకు అనుమానం వచ్చింది. మీ మామకాడికి పోయి, ‘‘ఈశ్వరన్నా, కుళ్ళాయమ్మకు గాలి సోకింది. మూడు దినాల నుంచి చూస్తాండా. నిమ్మకాయ దిగదీయించు’’ అనింది. ఆయప్ప ఏమన్నాడో తెల్సునా? ‘‘సోకింది ఈడ కాదమ్మా, తూత్తుకుడిలో. దాని జ్వరం ఈమెకు వచ్చింది.’’ ఎల్లమ్మకు ఏమీ అర్థంకాక, నిమ్మకాయ మాత్రం ఇచ్చిపోయింది. పప్పులో పిండుకున్నాము.

నీ రూములో సామాన్లన్నీ తీసి సున్నం కొట్టిస్తాండా. ఆ గాలిపటం మడిస్తే ఎంత ఉంటాది? పెట్టెలో పడతాదా, అటక మీద పెట్టల్లా?

మీ అత్త

•

తూత్తుకుడి దగ్గర,
6 జూలై, ఆదివారం.

అత్తా! అత్తా!

కొన్నాను. ఏడో నంబరు. పసుపు, బూడిదరంగు. అమ్మినతను బెంగళూరు మనిషి, మోకాలు దెబ్బతిని ఆట మానేశాడు. చెవి దగ్గర నలిపితే కొత్త నోటులాగా గరగర. కుట్లు గట్టివి. పొద్దున గాలి కొట్టి సాయంత్రం దాకా ఉంచాం, గొట్టం మెత్తబడలేదు. ప్రమాదమొస్తే పటాన్ని వదిలించుకునే మీట ఒకటుంటుంది, దాన్ని అయిదుసార్లు లాగి చూశాను, అయిదుసార్లూ ఊడింది. బోర్డు నిండా గీతలే, నా ఎత్తుకు పెద్దదే, తేలితే చాలు. నడుం పట్టీ, హెల్మెట్టు, జాకెట్టు కొత్తవి. చేతిలో మిగిలింది ఈ నెల అన్నానికే.

నీ లెక్క చూసి నేర్పించే అన్న ఆశ్చర్యపోయాడు: ‘‘రాయలసీమలో చెరువు మీద ముప్పై ఐదా? నేనే వస్తా అక్కడికి.’’ మరి జరీ కొంగును నడుము దాకా లేపే గాలంటే మాటలా! అంత బరువు పట్టును లేపిందంటే నన్ను లేపదా? నేను దేన్నీ వదులుకోనక్కర్లేదు. నీ పట్టు కొంగు చెప్పింది, నేను నమ్మాను.

ఆ కాగితం మీద సంతకం పెట్టను. సెప్టెంబరులో వస్తున్నాను. సున్నం కొట్టించు. మడిస్తే ఒక బస్తా అంత ఉంటుంది.

నీ పద్దు

•

ధర్మవరం,
14 జూలై.

పద్దూ,

నువ్వు వస్తాండావని చదివి మీ మామ మగ్గం ఆపి టీ తాగినాడు. ఆయప్ప మగ్గం ఆపినాడంటే చూసుకో.

ఒకటి అర్థం కాలా. పట్టు కొంగు అంటావేమే? నేను కట్ట మీదికి కట్టుకొని పోయేది పూనం చీర. నీలం పూలది, నువ్వే దసరాకు తెచ్చిస్తివే, అది. నాకు పట్టుచీర యాడిది? పెండ్లినాటిది చినిగితే జరీ కొనేవాడికి వేసి ఇరవై ఏండ్లాయె. నేసేవాళ్ళు కట్టుకుంటారా ఎవరన్నా? నీకిచ్చిన వంకాయరంగుదే, మా సొంతానికని మగ్గం మీద నుంచి కోసిన ఒకే చీర.

పూనం గుడ్డకేమి, పక్కనోళ్ళు దగ్గినా లేస్తాది. దానివల్ల నీ లెక్కకు ఏమన్నా తేడా వస్తాదా? రాయి.

మీ అత్త

•

తూత్తుకుడి దగ్గర,
21 జూలై.

అత్తా,

తేడా వస్తుంది.

రాయడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు నీ మీద కోపం వచ్చింది. రెండో రోజు, పని చెప్పిన ఉత్తరంలో నేను ‘పట్టు కొంగు’ అని ఎక్కడా రాయలేదని గుర్తొచ్చింది. ‘కొంగు వదిలి చూడు’ అన్నాను, అంతే. మూడో రోజు మీ ఇంట్లో ఉన్న నాలుగేళ్ళూ గుర్తుచేసుకున్నాను. బీరువాలో పై అరలో నా పుస్తకాలు, మధ్య అరలో మామ లుంగీలు, కింద నీ చీరలు. అవన్నీ పిడికిట్లో పట్టేంత పలచనివి. దండెం మీద ఉతికి ఆరేసింది నేనే. నెలకు మూడు పట్టుచీరలు నేసే మనిషి ఒంటి మీద పట్టు ఉంటుందని ఎలా అనుకున్నాను? ఎదుటివాళ్ళ చెప్పుల అరుగుదల చూసి వాళ్ళ ఉద్యోగమేమిటో చెప్పగలనని గొప్పలు పోయేదాన్ని.

పూనం చీర నడుము దాకా లేవడానికి పాతిక లోపు గాలి చాలు. ఆఫీసులో స్వీపరక్క చీరతో చూశాను. ఆ గాలికి నా ఏడో నంబరు గాల్లో నిలుస్తుంది గానీ నన్ను లాగదు. నీళ్ళలో నడుము లోతున దాన్ని పట్టుకొని నిలబడాలి, అంతే. అమ్మినతను వెనక్కి తీసుకోడు. ఇంకోటి కొనలేను.

కాబట్టి ఇది ఈ సముద్రానికే పనికొస్తుంది. అంటే నేను కూడా ఇక్కడే. ఆగస్టు ఇరవై లోపల సంతకం పెడతానేమో. మొన్న ఆదివారం మొదటిసారి పడిపోకుండా యాభై అడుగులు పోయాను అత్తా. అది వదిలి రావాలంటే కాళ్ళు రావడం లేదు. రాకుండా ఉండాలన్నా కాళ్ళు నిలవడం లేదు.

సున్నం ఆపించు.

పద్దు

•

ధర్మవరం,
3 ఆగస్టు, ఆదివారం.

పద్దూ,

సున్నం ఆపలా. అయిపోయింది.

నీ లెక్క తప్పింది నా చీర వల్లనే కదా, సరైన చీరతో చూడల్ల అనుకున్నా. బేస్తారం మీ మామ మగ్గం మీద నుంచి చీర కోసినాడు. పచ్చది, ఎర్రంచు, కొంగంతా జరీ. మాకు పట్టు ఇచ్చి నేయించే మేస్త్రీ వెంకటరాముడు సోమారం వచ్చి తీసుకపోతాడు. నడాన నాలుగు దినాలు ఇంట్లో ఉంటాది. నేను కట్టుకుంటానంటే మీ మామ, ‘‘ఎవరి చీరో అది. మరక పడితే, మడత నలిగితే మేస్త్రీ మొగాన కొడతాడు’’ అన్నాడు. అంత అనీ ఆమీన ఆయప్పే టీవీఎస్ మీద కట్టకాడికి తోలకపాయె, నడిస్తే అంచుకు దుమ్ము తగులుతాదని.

పద్దూ, అది ఇంత బరువుంటాదని నాకు తెలీదే. ముప్పై ఏండ్లు చేతుల్తో మోసినా. భుజం మీద వేసుకుంటే వేరే బరువు. ఎవరో పెద్దామె వెనక నుంచి చెయ్యి వేసినట్ల ఉండాది.

బేస్తారం వేలాడింది. శుక్రారం మోకాలు. శనివారం మోకాలు, ఒక్కసారి నడుముకాడికి లేచి, నేను మూడు లెక్కపెట్టేలోపల పడిపాయె. ఇదే నిజం లెక్క. ఎల్లమ్మ చూసి, ‘‘గాలి దిగలేదే తల్లీ, ఇంగా పెరిగింది, పట్టుచీర అడగతాండాది’’ అని నోరు నొక్కుకునింది.

ఇంగొకటి చెప్పల్ల. జూన్‌లో గాలే లేని దినాలు రెండు ఉండె. నీకు రాయలా. రాస్తే నువ్వు రావేమో అనిపించె. నువ్వు దుడ్లన్నీ పెట్టి కొంటావని తెలిసీ రాయలా. చీరది తెలీక చేసినా, ఇది తెలిసి చేసినా.

మన చెరువుకు నీ సముద్రమంత గాలి లేదమ్మా. నువ్వు ఆడనే సంతకం పెట్టు. యాభై అడుగులు పోయినావంట, వంద పో. చీర జాగ్రత్తగా మడిచి పెట్టినా. రేపు మేస్త్రీ వస్తాడు.

మీ అత్త

•

తూత్తుకుడి దగ్గర,
12 ఆగస్టు, మంగళవారం.

అత్తా,

వేలాడింది, మోకాలు, మోకాలు, ఒక్కసారి నడుము. ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసుకొని నేర్పించే అన్న దగ్గరికి పోయాను. ఈ గాలికి ఏ నంబరు అని అడిగాను. ‘‘పన్నెండు. కానీ ఇక్కడ దాన్ని ఎవరూ కొనరు, ఇక్కడి గాలికి మనిషిని ఎత్తుకుపోతుంది’’ అన్నాడు. ఎవరూ కొననిది ఎక్కడైనా ఉందా అన్నాను. ఆయన షెడ్డులోనే ఉంది. అయిదేళ్ళుగా దాన్ని విప్పినవాళ్ళు లేరు. ఎండకు పట్టాను, చెవి దగ్గర నలిపాను. గరగరమంది అత్తా. అంచు దగ్గర ఒక అతుకు ఉంది. ఆ అతుకు వేసినవాడికి నీ పోగులు చూసే కన్ను లేదు, గట్టిగా మాత్రం వేశాడు. నా పసుపు ఏడో నంబరు ఇచ్చేసి దీన్ని తెచ్చుకున్నాను. కడ్డీ, దారాలు, మీట దీనికి కూడా సరిపోయాయి. ఆయనే కలిపి, లాగి చూపించాడు.

కాగితం మీద సంతకం పెట్టకుండా తిరిగి ఇచ్చేశాను.

నువ్వు పెట్టమన్నావని పంతానికి కాదు. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మీ మీద బెంగ. అక్కడికొస్తే సముద్రం మీద బెంగ ఉంటుంది. అది ఇప్పుడే మొదలైంది, పొద్దున ఒడ్డున ఊరికే చాలాసేపు నిలబడ్డాను. మొన్న వంద అడుగులు కూడా పోయాను, నువ్వు చెప్పావని. కానీ వెనక్కి తిరిగి చూస్తే, చెప్పడానికి ఒడ్డున ఎవరూ లేరు.

గాలి లేని ఆ రెండు రోజుల గురించి ఇంక మాట్లాడకు. అవి కూడా కలిపే పన్నెండు తీసుకున్నాను.

సెప్టెంబరు ఏడున బెంగళూరులో రైలెక్కుతాను. హిందూపురం రాగానే తలుపు దగ్గరికి వచ్చి నిలబడతాను, పెనుకొండ కొండ కనపడేదాకా కూర్చోను, నీకు తెలుసు కదా. భుజాన పెద్ద మూట ఉంటుంది. ఎవరైనా అడిగితే గుడ్డల వ్యాపారమని చెప్తాను. మామను టీవీఎస్ తెమ్మను, నేను పడితే విసరడానికి ఒక లారీ ట్యూబు కూడా సంపాదించమను. ఒడ్డున మనిషి లేకుండా నేను నీళ్ళలోకి దిగను.

మూటలో వంకాయరంగు చీర కూడా ఉంటుంది. అది ఇప్పటినుంచి నీది. మేస్త్రీకి చెప్పక్కర్లేదు, మడత నలుగుతుందని మామ భయపడక్కర్లేదు. నేను నీళ్ళలో ఉన్నంతసేపూ నువ్వు అది కట్టుకొని కట్ట మీద నిలబడాలి. ముచ్చటకు కాదు, పని ఉంది. నా పన్నెండో నంబరుకు నీ పూనం చీర లేచే గాలి చాలు. పట్టు కొంగు నడుము దాకా లేచే గాలంటే దానికి ఎక్కువ, అది నాకు ప్రమాదం.

కాబట్టి నా వైపు చూడకు, కొంగు వైపు చూస్తూ ఉండు. అది లేచిందా, గట్టిగా పిలువు. అవతలి గట్టు దగ్గరున్నా వచ్చేస్తాను.

నీ పద్దు